తలుపు తిప్ప

తలుపు తిప్ప దగ్గర రాత్రిపూట ఇంజను ఆపకూడదు. ఎందుకని అడిగితే మెక్సికోలోని మా బాహా తీరంలో ఎవరూ తిన్నగా చెప్పరు. సిగరెట్టు వెలిగించుకుంటారు, లేదా గాలి మారుతోందని లేచి వెళ్ళిపోతారు.

నీళ్ళ మధ్య తలుపేమిటని కొత్తవాళ్ళు నవ్వుతారు. నిజమే, అక్కడ తలుపూ లేదు, గడపా లేదు. ఉప్పు సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఆటుకి బయటపడి పోటుకి మునిగిపోయే ఇసుక తిప్ప ఒకటుంది, అంతే. మ్యాపులో దానికి ఎవరో సెయింటు పేరు రాసి ఉంటుంది. ఆ పేరు ఇప్పుడెవరికీ గుర్తులేదు.

తలుపు అని ఎందుకంటారంటే — అక్కడ ఎవరో తడతారు.

చీకట్లో ఇంజను ఆపి కూర్చుంటే, కాసేపటికి… పడవ అడుగు నుంచి… మూడుసార్లు. లోపలికి రానివ్వమని అడిగినట్టు.

ఒడ్డున టూరిస్టుల క్యాంపు నడిపే యజమాని మేనల్లుడొకడు దెయ్యం లేదు గియ్యం లేదని మీసం మెలేసి ఒక రాత్రి అక్కడికి వెళ్ళాడు. తెల్లారి వచ్చాక ఎవరితోనూ మాట్లాడలేదు. వారం తిరిగేసరికి మెక్సికాలి వెళ్ళి బస్సు డ్రైవరుగా చేరిపోయాడు. ఎడారి మధ్య ఊరు. సముద్రానికి అంతకంటే దూరంగా ఉద్యోగం దొరకలేదు కాబోలు పాపం.

ఆ తట్టేది నాబోర్ అని ఊరందరి నమ్మకం. పంతొమ్మిదేళ్ళ కింద, ఒక ఏప్రిల్ నెల పొగమంచు రాత్రి, వల తియ్యడానికని వెళ్ళి అతను తిరిగి రాలేదు. మర్నాడు అతని పడవ తిప్ప పక్కన బోర్లాపడి దొరికింది. ఊళ్ళో అప్పటికి మిగిలిన ఆఖరి చెక్క పడవ అదే. మనిషి మాత్రం దొరకలేదు.

శవం దొరక్కపోతే ఊరి నోళ్ళకి పనే పని. మునిగిపోయాడన్నారు కొందరు. కాదు, పడవని తనే బోర్లించి, ఉత్తరాది రేవులో కొట్టు నడిపే ఒకావిడతో లేచిపోయాడన్నారు ఇంకొందరు. రెండు మాటలూ అతని భార్య ఒబ్దూలియా చెవిన పడ్డాయి. రెండోది ఎక్కువసార్లు పడింది.

ఫెర్మిన్ నాబోర్‌కి తమ్ముడు. యాభై ఏడేళ్ళొచ్చాయి, పెళ్ళీ పెటాకులూ లేవు. చలికాలంలో తిమింగలాలు పిల్లల్ని కనడానికి సరస్సులోకి వస్తాయి కదా, వాటిని చూడ్డానికీ ముట్టుకోడానికీ వచ్చే జనాన్ని తన ఫైబరు పడవలో తిప్పుతాడు. మిగతా నెలల్లో గుల్లలు ఏరుకుంటాడు. గాలికి కిర్రుమనే రేకుల గది ఒకటి, అందులో రేడియో ఒకటి, అతనొకడు.

రోజూ సాయంత్రం ఆ గది గుమ్మంలోకి గుడ్డ కప్పిన పళ్ళెం వస్తుంది. రెండు పిండిరొట్టెలు, ఉడికించి చిదిమిన చిక్కుడు గింజలు, ఎండుచేప వేపుడు. క్యాంపులో వంట చేసే ఒబ్దూలియా ఇంటికి పోతూ పోతూ పెట్టి వెళ్తుంది. పంతొమ్మిదేళ్ళలో ఒక్కరోజు మానలేదు. జ్వరమొచ్చిన రోజు కూడా పక్కింటామెతో పంపింది.

ఈ లోకంలో ఫెర్మిన్ కోసం ఎవరైనా చేసే పని అదొక్కటే. అయినా ఆ పళ్ళెం ముందు కూర్చున్న ప్రతిసారీ మొదటి ముక్క అతనికి గొంతులో అడ్డం పడేది. ఎందుకో అతనికి తెలుసు. అతనికొక్కడికే తెలుసు.

పంతొమ్మిదో ఏడు ఏప్రిల్ రెండో వారానికి తిమింగలాలు దాదాపు అన్నీ ఉత్తరానికి వెళ్ళిపోయాయి. పిల్లలు ఇంకా బలం పట్టని తల్లులు రెండో మూడో మిగిలాయి. క్యాంపు గుడారాలు విప్పుతున్నారు. రాత్రిళ్ళు సరస్సు నీళ్ళు వెలుగుతున్నాయి. కొన్నేళ్ళకి ఒకసారి అలా జరుగుతుంది. నీళ్ళలో ఏది కదిలితే అది నీలంగా మెరుస్తుంది.

ఆ సాయంత్రం ఒబ్దూలియా పళ్ళెం పెట్టి వెళ్ళిపోలేదు. గుమ్మంలోనే నిలబడింది.

“ఫెర్మిన్, ఇవాళ రాత్రి నన్ను తిప్ప దగ్గరికి తీసుకుపో.”

“ఏ తిప్ప వదినా?”

“మనకి ఎన్ని తిప్పలున్నాయేంటి?”

ఫెర్మిన్ రొట్టె మడత విప్పి మళ్ళీ మడిచాడు. “రేపు పొద్దున తీసుకెళ్తాను. తల్లీ పిల్లా ఒక జత ఉంది, చాలా సాధువైనవి. చేత్తో నిమరొచ్చు.”

“ఎక్కడెక్కడి జనమో తిమింగలాన్ని నిమిరి, చేతులు వాసన చూసుకుంటూ వచ్చి నా పులుసు తాగి పోయారు. నేను మోకాలి లోతు దాటి నీళ్ళలోకి దిగి పంతొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు తిమింగలాల మీద సరదా పుట్టిందనుకున్నావా?”

“రాత్రిపూట పడవ తియ్యకూడదు వదినా. రేవు ఆఫీసు వాళ్ళ రూలు.”

“పోయినేడు క్యాంపుకొచ్చిన డాక్టరుగారికి రాత్రి రెండింటికి రొయ్యలు పట్టుకొచ్చావు. అప్పుడు నిద్రపోయిందా నీ రూలు?”

ఆవిడ గొంతు తగ్గించింది.

“ఆ రోజు పొద్దున మేం పోట్లాడుకున్నాం. నీకు తెలీదు, ఎవరికీ తెలీదు. ‘పో, ఆ సముద్రాన్నే కట్టుకో, మళ్ళీ నా గడప తొక్కకు’ అన్నాను మీ అన్నతో. తొక్కలేదు. నా మాట పట్టుకుని పోయాడా… రాలేక పోయాడా? అరవై రెండేళ్ళొచ్చాయి నాకు. ఆ ఒక్క ముక్కా తెలిస్తే చాలు. నువ్వు రాకపోతే చెప్పు, ఇంకొకరిని అడుగుతాను.”

ఇంకొకరు తీసుకెళ్తే అక్కడ ఏం వింటుందో, ఏం చెప్పుకుంటారో… ఫెర్మిన్ టోపీ తీసుకుని లేచాడు.

చంద్రుడు లేడు. ఒడ్డున ఆఖరి గుడారం దీపం వెనకపడి, చుక్కంతయి, ఆరిపోయింది. ఇక మిగిలింది ఇంజను చప్పుడు, వాళ్ళిద్దరు, అంతులేని చీకటి.

కింద మాత్రం చీకటి లేదు. పడవ వెనక నీలపు దారి పడుతోంది. చేపల గుంపు బెదిరి విడిపోతే, పిడికెడు నిప్పురవ్వలు చల్లినట్టయింది. ఒక ముసలి తాబేలు నాలుగు వెలుగు రెక్కలతో నెమ్మదిగా ఈదుతూ పడవ కిందుగా పోయింది. డాల్ఫిన్లు రెండు పక్కనే వచ్చి, ఒళ్ళంతా వెలిగించుకుని, కాసేపు ఆడి, తమ దారిన తాము పోయాయి. అంత అందం చుట్టూ పరుచుకుని ఉంది. ఆవిడ రెండు చేతులతో పడవ అంచు గట్టిగా పట్టుకుని ముందుకే చూస్తోంది.

దూరంగా ఎక్కడో తిమింగలం ఊపిరి వదిలింది. బుస్సుమని… పెద్ద నిట్టూర్పు.

ఫెర్మిన్ చెయ్యి దానంతటదే గుల్లలు విప్పే కత్తి పిడితో పడవ అంచు మీద తట్టింది. ఒకటి, రెండు, మూడు.

“ఇంకా మానలేదా ఈ అలవాటు?” అంది ఒబ్దూలియా.

మానడం కష్టం. తాతలనాటి అలవాటది. అప్పట్లో తిమింగలమంటే మా వాళ్ళకి సైతాను. తోక విసిరితే చెక్క పడవ ముక్కలయ్యేది. అందుకని దాని ఊపిరి వినబడగానే మూడుసార్లు తట్టేవాళ్ళు — మేమిక్కడున్నాం, చూసుకుని పో అని. ఆ చప్పుడు విన్న పక్క పడవ వాళ్ళూ మూడుసార్లు తట్టేవాళ్ళు — విన్నాం, మేమూ క్షేమమే అని. రేడియోలు లేని రోజులు. అంతే ముచ్చట. తర్వాత ఎవరి పని వాళ్ళది.

ఇప్పటి తిమింగలాలు ఆ లెక్క తిరగేశాయి. మనుషుల చేతులు మరిగాయేమో, తడితే పోవడం మాని దగ్గరికొస్తున్నాయి. కానీ తిప్ప దగ్గర మాత్రం ఎవరూ తట్టరు.

“ఇదేనా?” అంది ఆవిడ.

“ఇదే.”

ఫెర్మిన్ ఇంజను ఆపాడు. పంతొమ్మిదేళ్ళలో అతను అక్కడ ఇంజను ఆపడం అదే మొదటిసారి.

చప్పుడు లేదు. తిప్ప మీద నీళ్ళు ఎక్కుతున్న సన్నటి సవ్వడి, అంతే. పడవ నిలబడ్డాక నీళ్ళలో వెలుగూ ఆరిపోయింది. ఒకరి మొహం ఒకరికి కనిపించడం లేదు. ఆవిడ ఊపిరి అతనికి వినబడుతోంది. తన గుండె ఆవిడకి వినబడుతుందేమోనని భయం వేసింది.

చాలాసేపు… ఏమీ లేదు.

“పోదాం వదినా” అన్నాడు గుసగుసగా. “ఏమీ లేదిక్కడ.”

“ఆగు.”

అప్పుడు —

ధుబ్.

పడవ అడుగున. సరిగ్గా అతని కాళ్ళ కింద.

ధుబ్…

పడవ ఒక పక్కకి ఒరిగింది. ఫెర్మిన్ అరికాళ్ళ నుంచి చలి పాకింది. కత్తి చేతిలోంచి జారిపోయింది.

…ధుబ్.

“నాబోర్?” అంది ఒబ్దూలియా. అంత మెత్తటి గొంతు ఆవిడకుందని ఫెర్మిన్‌కి తెలియదు.

పడవ కింద వెలుగు పుట్టింది. ముందు మసగ్గా, తర్వాత పొడుగ్గా… దాదాపు పడవంత పొడుగు. అది అటునుంచి ఇటు దొర్లి, పైకి తేలి, ఆవిడ పట్టుకున్న అంచు పక్కనే బుస్సుమని ఊపిరి వదిలింది. ఇద్దరి మొహాలూ తడిసిపోయాయి. దాని వెనకాల లోతులో ఇంకో వెలుగు, చాలా పెద్దది, కదలకుండా కాపలా కాస్తోంది.

తిమింగలం పిల్ల. వీపు గోక్కోడానికి పడవ దొరికింది దానికి.

ఫెర్మిన్‌కి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాడు. కళ్ళనిండా నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. “తిమింగలం వదినా! తిమింగలం పిల్ల! ఇన్నేళ్ళూ ఊరు ఊరంతా… వీపు రుద్దుకునే పిల్లని చూసి… ఆ మేనల్లుడు మెక్సికాలి పారిపోయాడే, వాడికి చెప్పాలి ముందు!”

పంతొమ్మిదేళ్ళ బరువు ఒక్కసారిగా దిగిపోయినట్టుంది అతనికి. ఎవరూ తట్టడం లేదు. ఎవరూ అడగడం లేదు. ఇక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. రేపు సాయంత్రం పళ్ళెం వస్తుంది, ఎల్లుండీ వస్తుంది.

ఒబ్దూలియా నవ్వలేదు. పిల్ల తల పైకెత్తి ఆవిడ అరచేతిని వెతుక్కుంటే, చెయ్యి దాని మీద ఉంచింది గానీ అటు చూడలేదు.

“అయితే ఆయన కాదు” అంది.

“కాదు వదినా. చూశావుగా.”

“ఊళ్ళో వాళ్ళన్నదే నిజం. పోయాడు.” ఆవిడ గొంతులో ఏడుపు కూడా లేదు. “నేను పొమ్మన్నాను, పోయాడు. ఎక్కడో ఆ కొట్టు వెనకాల కూర్చుని ముసలాడైపోయి ఉంటాడు. పద, ఇంటికి పోదాం. పొద్దున్నే పాత్రలు సర్దాలి.”

ఫెర్మిన్ ఇంజను తాడు పట్టుకున్నాడు. లాగితే చాలు. ఒక్క గుంజు గుంజితే అంతా అయిపోతుంది.

తాడు లాగలేకపోయాడు.

“వదినా… ఆ రాత్రి నేనిక్కడే ఉన్నాను.”

ఆవిడ పిల్ల మీంచి చెయ్యి తీసేసింది.

“అటుపక్క, తిప్పకి అవతల, వల వేసుకుని ఉన్నాను. పొగమంచు… నా చెయ్యి నాకు కనబడలేదు. అన్న పడవ తట్టిన చప్పుడు వినబడింది. చెక్క చప్పుడు, ఊళ్ళో ఇంకెవరికీ లేదుగా. మూడుసార్లు. తిమింగలమేదో విసిగిస్తోంది కాబోలనుకున్నాను. నేనూ మూడుసార్లు తట్టాను. మళ్ళీ తట్టాడు. మళ్ళీ జవాబిచ్చాను. ఇవాళ ఈయన్ని వదలడం లేదే ఆ సైతాను, అని నవ్వుకున్నాను కూడా.”

ఇంజను తాడు వదిలేశాడు.

“మర్నాడు పడవ బోర్లా దొరికాక అర్థమైంది, ఆయన దాని కింద ఉన్నాడు వదినా. లోపల్నుంచి తడుతున్నాడు. కేకేస్తే వినబడదుగా బయటికి. ఆయన రక్షించమని తడుతుంటే… నేను క్షేమమే, క్షేమమే అని జవాబు చెప్పాను. చెప్పి, వల చుట్టుకుని ఇంటికొచ్చి, నీ చేతి కాఫీ తాగాను. మర్నాడు అందరూ అడిగితే ఏమీ వినలేదన్నాను.”

పిల్ల తిమింగలం మెల్లగా పక్కకి జరిగింది. తల్లి వెలుగు కదిలింది. రెండూ మొగ వైపు, సముద్రం వైపు వెళ్ళిపోయాయి. పెద్ద గీత ఒకటి, చిన్న గీత ఒకటి, నీళ్ళ కింద చాలా దూరం కనిపించి ఆరిపోయాయి. మళ్ళీ చీకటి.

“ఎన్నిసార్లు?” అంది ఒబ్దూలియా.

“ఏంటి వదినా?”

“ఎన్నిసార్లు తట్టాడు మీ అన్న?”

“లెక్కపెట్టలేదు… చాలాసేపు. నేను వల చుట్టుకునేదాకా. ఇంజను వేసేదాకా తడుతూనే ఉన్నాడు.”

“అంత సేపా.” ఆవిడ ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. “అయితే ఇంటికి రావాలనుకున్నాడు.”

“వదినా, నన్ను —”

“నోర్ముయ్.” అప్పుడొచ్చింది ఏడుపు. పంతొమ్మిదేళ్ళది. మోకాళ్ళ మీద తల పెట్టుకుని, ఒళ్ళంతా కదిలిపోయేలా ఏడ్చింది. ఫెర్మిన్ చెయ్యి చాచాడు గానీ ముట్టుకోడానికి ధైర్యం చాలలేదు. ఎంతసేపో తెలియదు. తిప్ప సగం మునిగిపోయింది.

చివరికి శాలువా అంచుతో మొహం తుడుచుకుంది.

“రేపట్నుంచి నీకు పళ్ళెం పంపను.”

“సరే వదినా.”

“సరే అంటావేం, పూర్తిగా విను. నా ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చుని తిను. రోజూ. తిన్నప్పుడల్లా ఈ ముక్క నాకు చెప్పు, మీ అన్న ఆఖరిదాకా తట్టాడని. నాకు విసుగొచ్చేదాకా చెప్పు.”

ఫెర్మిన్ తల ఊపాడు. ఆ చీకట్లో ఆవిడకి కనబడదని గుర్తురాలేదు. తాడు కోసం తడుముకున్నాడు.

టక్.

చెయ్యి తాడు మీదే ఆగిపోయింది.

టక్.

పడవ ఒరగలేదు. ఊగలేదు. కింద వెలుగూ లేదు. తిమింగలాలు ఎప్పుడో మొగ దాటేశాయి.

టక్.

అది ఫైబరు మీద చప్పుడు కాదు. చెక్క మీది చప్పుడు. ఎండకీ ఉప్పుకీ ఆరిన పాత చెక్క. చిన్నప్పుడు ఆ చెక్కకి తారు పూసింది తనే. ఫెర్మిన్ దాన్ని నిద్రలోనైనా గుర్తుపడతాడు.

అలవాటు చెడ్డది. కుడిచెయ్యి పిడికిలై పైకి లేచింది, పడవ అంచు మీద మూడుసార్లు తట్టడానికి… విన్నాను, క్షేమమే అనడానికి.

ఒబ్దూలియా అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“తట్టకు” అంది చెవిలో. “చెయ్యి ఇవ్వు.”

ఫెర్మిన్ అంచు మీద బోర్లా పడుకుని చెయ్యి నీళ్ళలోకి దింపాడు. మణికట్టు దాకా, మోచేతి దాకా, భుజం దాకా. చుట్టూ నీళ్ళు వెలిగాయి. అయిదు వేళ్ళూ విడివిడిగా నీలంగా కనిపిస్తున్నాయి. కదపకుండా అలాగే ఉంచాడు.

కదపకపోతే వెలుగు ఆరిపోవాలి. ఆరిపోయింది కూడా.

తర్వాత, చాలా లోతు నుంచి, చిన్న వెలుగు ఒకటి పైకి రావడం మొదలుపెట్టింది. నెమ్మదిగా వచ్చింది. అతని అరచేతి కింద ఆగింది. విచ్చుకుంది. అతని అయిదు వేళ్ళ మధ్యకి… ఇంకో అయిదు వెలుగులు వచ్చి మూసుకున్నాయి.

“చల్లగా ఉందా?” అంది ఒబ్దూలియా వణుకుతూ.

“లేదు వదినా” అన్నాడు ఫెర్మిన్. “వెచ్చగా ఉంది.”

“అయితే వదలకు.”

తెల్లారేదాకా అతను చెయ్యి తియ్యలేదు.